మానిన పుండు... మానని జబ్బు

టీనేజీ పిల్లలకు ఇంట్లో చెప్పరు. బడిలో పాఠం దాటేస్తారు. మందుల షాపులో నాలుగు బిళ్లలు చేతిలో పెట్టి పంపేస్తారు. లైంగిక వ్యాధుల్లో చాలావాటికి మందుంది, కొన్నింటికి టీకా ఉంది. సర్కారు దవాఖానాలో పరీక్షకూ మందుకూ పైసా తీసుకోరు. మరి ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

సిఫిలిస్ మొదట ఒక చిన్న పుండుగా బయటపడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. జననాంగం మీదో, లోపల కంటికి కనిపించని చోటో, ఒక్కోసారి నోట్లోనో లేస్తుంది. క్రిమి ఒంట్లో చేరిన మూడు వారాలకు అటూ ఇటూగా కనిపించి, ఇంకో మూడు నుంచి ఆరు వారాల్లో మందూమాకూ లేకుండానే మానిపోతుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక లోలోపల నలిగిపోతున్న కుర్రాడు ‘హమ్మయ్య, గండం గడిచింది’ అనుకుంటాడు. గండం మొదలయ్యేది అప్పుడే. క్రిమి అప్పటికే రక్తంలో కలిసి ఉంటుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు తేలతాయి. అవీ వాటంతటవే పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ అలికిడీ ఉండదు. చికిత్స అందనివాళ్లలో కొందరికి పదేళ్లకో ఇరవయ్యేళ్లకో గుండె, మెదడు, కళ్లు దెబ్బతింటాయి. గర్భిణికి ఈ జబ్బు ఉంటే కడుపులో బిడ్డ దక్కకపోవచ్చు. ఇంత చేటు చేసే జబ్బుకు తొలిదశలో కావాల్సింది 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్. అదీ ఒకే ఒక్కసారి.

లైంగిక వ్యాధులన్నింటి తీరూ దాదాపు ఇంతే. జబ్బు చేసే చేటు కొంత, ఆలస్యం చేసే చేటు కొండంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, నయం చేయదగ్గ నాలుగు లైంగిక వ్యాధులే 15-49 ఏళ్లవారిలో రోజుకు పది లక్షల మందికి పైగా కొత్తగా సోకుతున్నాయి. వాటిలో అత్యధికం ఏ లక్షణమూ చూపించవు. పెద్దవాళ్లయితే ఎలాగోలా డాక్టర్ గడప తొక్కుతారు. పదహారేళ్ల పిల్లకో పిల్లాడికో ఆ గడప చాలా ఎత్తు. ఇంట్లో అడగడానికి కొన్ని నెలలు, మందుల షాపులో తచ్చాడడానికి కొన్ని నెలలు, ఆస్పత్రికి వెళ్తే ఊరంతా తెలిసిపోతుందన్న భయంతో ఇంకొన్ని నెలలు పోతాయి. క్రిమికి కావాల్సింది సరిగ్గా ఆ నెలలే.

పిల్లలకెందుకు ఈ సంగతులు?

ఈ మాట అనని ఇల్లు అరుదు. అంకెలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో అది 23.5 శాతం. సర్వే నాటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లోని 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం ఉన్నారు. తెలంగాణలో 5.8, దేశం మొత్తమ్మీద 6.8. ‘మా పిల్లకు అప్పుడే ఏం తెలుసు’ అంటూనే పెళ్లి చేసి పంపిస్తున్నాం. ఏమీ తెలియకుండా కాపురానికి వెళ్లిన ఆ పిల్ల, పదేళ్లు పెద్దవాడైన భర్తను ‘ఒకసారి పరీక్ష చేయించుకుందాం’ అని అడగగలదా? మెడలో తాళి పడితే క్రిమి ఆగిపోదు.

ఇది మన రాష్ట్రాలకు పరాయి సమస్య కూడా కాదు. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే పరిస్థితి ఎంతో మెరుగుపడినా, దేశ సగటుకు రెండు మూడు రెట్లున్న చోట నివసిస్తున్నామన్న ఎరుక ఉండాలి. మరోపక్క, హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవాళ్లు దేశంలో మహిళల్లో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతమేనని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

బడి ఏం చేసింది? 2005లో కేంద్రం పాఠశాలల కోసం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు అది మన సంస్కృతికి తగదంటూ ఆపేశాయి. ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో ఇచ్చిన నివేదికా అదే దారిలో నడిచింది. హెచ్‌ఐవీ, లైంగిక వ్యాధుల పాఠాలను బడి నుంచి తీసేసి, ప్లస్ టూ స్థాయిలో జీవశాస్త్రంలో పెడితే సరిపోతుందంది. తెలుగు ఇళ్లలో ఆ మాటకు అర్థం వేరు. జీవశాస్త్రం చదివేది బైపీసీ పిల్లలు. ఎంపీసీ, సీఈసీ, ఎంఈసీ తీసుకున్నవాళ్లకు, ఐటీఐలో చేరినవాళ్లకు, పదితో చదువు ఆపేసి పనికి వెళ్తున్నవాళ్లకు ఆ పేజీ ఎప్పటికీ తెరుచుకోదు. ఒంటికి గ్రూపులుండవు కదా!

ఆ తర్వాత గాలి కొంత మళ్లింది. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణనిచ్చి, వారం వారం ఆరోగ్య పాఠం చెప్పించాలన్నారు. అందులోని పదకొండు అంశాల్లో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఉన్నాయి. లైంగిక విద్య పాశ్చాత్య భావన, పిల్లల్ని చెడగొడుతుందన్న అపోహలు పోవాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో చెప్పింది. అయినా తరగతి గదిలో మాత్రం ‘ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి’ అన్నమాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక మంచి సంప్రదాయం ఉన్న సంగతీ మరచిపోకూడదు. విజయవాడకు చెందిన డాక్టర్ జి.సమరం ‘స్వాతి’ వారపత్రికలో దశాబ్దాల పాటు లైంగిక సందేహాలకు జవాబులిచ్చారు. పుస్తకం మధ్యలో పత్రిక దాచుకుని చదివిన ఒక తరం, శరీరం గురించి మూఢనమ్మకాలు వదిలించుకుంది అక్కడే. సందేహాన్ని సందేహంగా తీసుకుని, తిట్టకుండా, నవ్వకుండా జవాబు చెప్పడమే ఆయన చేసింది. ఇప్పటి పిల్లలకు పత్రిక బదులు ఫోన్ వచ్చింది. అడగ్గానే జవాబు వస్తుంది. అది డాక్టర్ చెప్పిందో, అశ్లీల వీడియో నేర్పిందో, మందు అమ్ముకునేవాడు రాసిందో తేల్చుకునే దారి మాత్రం వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఏది జబ్బు, ఏది కాదు?

ముందుగా భయపడనక్కర్లేనివి. అబ్బాయిలకు నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు, ఎదుగుదలలో భాగం. హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడవు, పెళ్లికి పనికిరాకుండా పోరు. రైల్వే గోడల మీద, బస్టాండు మూత్రశాలల్లో అంటించిన ‘గ్యారంటీ చికిత్స’ కాగితాలు బతికేది ఈ భయం మీదే. అమ్మాయిలకు నెలసరుల మధ్య పలుచగా, వాసన లేకుండా కొంచెం తెల్లబట్ట కావడమూ మామూలే. పెరుగు తరకల్లా వచ్చి దురదపెడితే చాలావరకు అది ఫంగస్. మందుతో తగ్గుతుంది, లైంగిక సంబంధం లేనివాళ్లకూ వస్తుంది. గజ్జల్లో గుండ్రంగా పాకే తామరా అంతే.

ఇక పట్టించుకోవాల్సినవి. తెల్లబట్ట పసుపు, ఆకుపచ్చ రంగుకు తిరిగి నురగతో దుర్వాసన వేస్తే ట్రైకోమోనియాసిస్ కావచ్చు. మూత్రానికి వెళ్తే మంట, చీములాంటి స్రావం ఉంటే గనేరియా గానీ క్లమీడియా గానీ అయ్యే అవకాశముంది. అబ్బాయిల్లో గనేరియా సాధారణంగా రెండు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. అమ్మాయిల్లో ఈ రెండూ చాలాసార్లు చడీచప్పుడూ లేకుండా పైకి పాకి గర్భాశయాన్ని, ఫలోపియన్ నాళాలను చేరతాయి. పొత్తికడుపులో నొప్పి, జ్వరం వచ్చేసరికే నాళాలు దెబ్బతిని ఉండొచ్చు. పదిహేడేళ్లకు సోకి పట్టించుకోని క్లమీడియా, పాతికేళ్లకు సంతానం లేకపోవడంగా తేలొచ్చు. అప్పుడు లక్షలు పోసి తిరిగే ఆస్పత్రులకు అసలు కారణం ఏళ్ల కిందటి ఒక చిన్న ఇన్ఫెక్షన్ అని ఆ దంపతులకు తట్టకపోవచ్చు కూడా.

నొప్పి లేని పుండు సిఫిలిస్‌కు గుర్తు. గుంపుగా నీటి పొక్కులు లేచి చిట్లి మండితే హెర్పిస్. పులిపిర్లలా మొలిస్తే హెచ్‌పీవీ. గజ్జల్లో బిళ్లకట్టినా చూపించుకోవాల్సిందే. ఎనిమిది ప్రధాన క్రిముల్లో సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ నాలుగూ మందులతో పూర్తిగా నయమవుతాయి. మిగతా నాలుగూ వైరస్‌లు. వాటిలో హెపటైటిస్-బి, హెచ్‌పీవీలకు టీకాలున్నాయి. హెర్పిస్, హెచ్‌ఐవీలు ఒంట్లోనే ఉండిపోయినా మందులు వాటిని అదుపులో పెడతాయి. మన దేశంలో హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదని రుజువైంది. హెచ్‌ఐవీ అంటే మరణశిక్ష అనుకునే రోజులు పోయాయి.

కౌంటర్ దగ్గర కరిగిపోయే కాలం

సందు చివర మందుల షాపు. జనం పల్చబడేదాకా కుర్రాడు బైక్ మీదే కూర్చుంటాడు. వంతు వచ్చాక ‘ఇన్ఫెక్షన్ లాగా ఉందన్నా’ అంటాడు. ఎక్కడ, ఎన్నాళ్లుగా అన్న ప్రశ్నలుండవు. షాపతను మూడు రోజుల యాంటీబయాటిక్, ఒక ట్యూబు కాగితం కవర్లో చుట్టి ఇస్తాడు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఆ రెండు నిమిషాలు ఎన్ని విధాలుగా దెబ్బతీస్తాయో చూడండి. తప్పు మందో, చాలని మోతాదో పడితే మంట తగ్గుతుంది, క్రిమి మిగిలిపోతుంది. అది ఇంకొకరికి సోకుతుంది. మిగిలిన క్రిమి మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది. గనేరియా మీద ఒకప్పుడు పెన్సిలిన్ పనిచేసేది. తర్వాత టెట్రాసైక్లిన్, ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వాడారు. ఒక్కొక్కటీ చేజారిపోయాయి. ఇప్పుడు చేతిలో మిగిలినవి కొన్నే. ఇక ఆ ట్యూబులో యాంటీబయాటిక్, ఫంగస్ మందులతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉండటం మన దేశంలో మామూలే. అది ఎరుపునూ దురదనూ రెండు రోజులు అణిచిపెట్టి, తామరను మొండిగా మారుస్తుంది. తర్వాత చూసే డాక్టర్‌కు అసలు జబ్బు రూపమే దొరకదు.

అమ్మాయిల విషయంలో కౌంటర్ మీద చేతులు మారేది అత్యవసర గర్భనిరోధక మాత్ర. 72 గంటల్లోగా వేసుకుంటే గర్భం రాకుండా చూస్తుందేమో గానీ, ఏ క్రిమినీ ఆపదు. ‘మాత్ర వేసుకున్నాంగా’ అన్న ధీమాతో పరీక్ష మాట మరచిపోతారు.

సురక్ష క్లినిక్ తలుపు వెనక

జిల్లా ఆస్పత్రులు, బోధనాసుపత్రులు, చాలా ఏరియా ఆస్పత్రుల్లో ‘సురక్ష క్లినిక్’ అని బోర్డుంటుంది. లైంగిక, జననేంద్రియ వ్యాధుల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో నడిచే క్లినిక్ అది. లోపల మొదట మాట్లాడేది కౌన్సెలర్. ఏమైంది, ఎన్నాళ్లుగా, ఇంతకుముందు ఏ మందులు వాడారు అని అడుగుతారు. డాక్టర్ పరీక్ష చేస్తారు. సిఫిలిస్, హెచ్‌ఐవీలకు రక్తం తీస్తారు.

ల్యాబు ఫలితాలన్నీ వచ్చేదాకా ఆగితే మనిషి మళ్లీ రాకపోవచ్చు. అందుకే లక్షణాలను బట్టి అప్పటికప్పుడే మందు మొదలుపెట్టే పద్ధతి ఒకటి అమల్లోకి తెచ్చారు. దానికోసం తయారుచేసినవే రంగుల కిట్లు. స్రావం, మంట ఉంటే బూడిదరంగు కిట్టు. యోని స్రావానికి ఆకుపచ్చ. సిఫిలిస్‌ లాంటి పుండుకు తెలుపు. పెన్సిలిన్ పడనివాళ్లకు అదే జబ్బుకు నీలం. హెర్పిస్‌కు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్లకు నలుపు. బూడిదరంగు కిట్టులో ఉండేవి గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్. రెండూ ఒకేసారి, డాక్టర్ ఎదుటే మింగిస్తారు. సగం వాడి సగం పారేసే అవకాశమే ఉండదు. సంబంధంలో ఉన్న రెండో వ్యక్తికీ చికిత్స అందేలా చూస్తారు. ఒకరికే మందు పడితే రెండోవారి నుంచి జబ్బు మళ్లీ తిరిగొస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి. ఏ కిట్టు ఎవరికన్నది డాక్టర్ తేల్చాలి. పేర్లు చదివి షాపులో కొనుక్కోవడానికి కాదు ఈ వివరం. లోపల మిమ్మల్ని బంధించి ప్రశ్నలు వేయరని, పని ఎంత సూటిగా జరుగుతుందో తెలియాలనే.

హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ కేంద్రాలున్నాయి. పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు పరీక్ష చేయాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, సంరక్షకుడు గానీ ఒప్పుకోవాలి. సోకిన వెంటనే చేసే పరీక్షలో వైరస్ బయటపడకపోవచ్చు. ‘నెగెటివ్’ అని వచ్చినా మళ్లీ ఎప్పుడు రావాలో కౌన్సెలర్ చెబుతారు, ఆ తేదీ తప్పించకూడదు. ఫోన్‌లోనే అడగాలనుకుంటే నాకో ఉచిత సహాయవాణి 1097. ఊరు పేరు చెప్పకుండానే మాట్లాడొచ్చు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద 10-19 ఏళ్లవారి కోసం సర్కారు ఆస్పత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లూ ఏర్పాటయ్యాయి. మీ ఊళ్లో అది ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉంటుందో ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్ఎంకు గానీ తెలుస్తుంది.

రాకుండా చూసుకోవడం

అన్నింటికన్నా గట్టి రక్షణ ఆగడమే. ‘ఇప్పుడు వద్దు’ అనడం పిరికితనం కాదు, దానికి కారణం చెప్పాల్సిన అవసరమూ లేదు. ‘ప్రేముంటే ఒప్పుకుంటావు’ అన్నవాడు అడుగుతున్నది ప్రేమ కాదు. ఫొటోలు పంపమని ఒత్తిడి చేయడమూ, పంపినవి చూపించి బెదిరించడమూ దౌర్జన్యమే. ఆ బెదిరింపుకు లొంగి ఇంకో అడుగు వేయకుండా, ఆ రోజే పెద్దవాళ్లెవరికైనా చెప్పేయాలి.

అందరూ ఆగరు, అందరికీ ఆగే అవకాశమూ ఉండదు. పెళ్లయిన పిల్లలూ ఉన్నారని ముందే చెప్పుకున్నాం. కండోమ్ గురించి టీనేజీలోనే తెలిస్తే రేపు పెళ్లయ్యాకా పనికొస్తుంది. ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా వాడితే హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియాల నుంచి అది గట్టిగా కాపాడుతుంది. చర్మం తగిలితే చాలు పాకే హెర్పిస్, హెచ్‌పీవీల నుంచి కొంతవరకే. గడువు తేదీ చూడాలి. వెనక జేబు పర్సులో నెలల తరబడి ఉంచితే వేడికి, ఒరిపిడికి పాడవుతుంది. కొబ్బరినూనె లాంటివి తగిలితే రబ్బరు పలచబడి చిరుగుతుంది. ఒకటి మీద ఒకటి వేసుకుంటే రెట్టింపు రక్షణ రాదు, చిరిగే ముప్పే పెరుగుతుంది.

సూదుల సంగతీ ఉంది. జాతరలో పచ్చబొట్టు వేసేవాడు ఒకే సూదితో పదిమందికి పొడుస్తుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి రెండింటికీ దారి తీసినట్టే. హెపటైటిస్-బి టీకా 2011 నుంచి దేశమంతటా పసిపిల్లల టీకాల పట్టికలో ఉంది. మీ పిల్లలకు మూడు డోసులూ పడ్డాయో లేదో పాత కార్డు తీసి చూడండి.

టీకా ఉన్న క్యాన్సర్, ఖమ్మం నేర్పిన పాఠం

మన దేశంలో ఏటా లక్షా పాతికవేల మందికి పైగా మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ వైరస్. దానిలోని 16, 18 రకాలే పది కేసుల్లో ఏడింటికి కారణం. వైరస్ తగలకముందే టీకా పడితే బాగా పనిచేస్తుంది, అందుకే 9-14 ఏళ్లు సరైన వయసు. ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు. పదిహేను దాటితే మూడు. ఒక్క డోసు కూడా మంచి రక్షణే ఇస్తుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ‘సర్వావ్యాక్’కు అదే ఏడాది అనుమతి వచ్చింది. మగపిల్లలకూ వేయించొచ్చు. వాళ్లను పులిపిర్ల నుంచి కాపాడుతుంది, వాళ్ల నుంచి ఇతరులకు పాకడాన్నీ తగ్గిస్తుంది.

మరి తెలుగువాళ్లలో ఈ టీకా మాటెత్తితే ఇంకా ఎందుకు జంకుతారు? 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ప్రయోగాత్మక ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునేవాళ్లు. ఖమ్మంతో పాటు గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టిన ఫారాలు బయటపడ్డాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

అక్కడ చెడింది టీకా కాదు, చెప్పకుండా పొడిచిన పద్ధతి. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇది ఏమిటో, దేనికో ఒక పూట కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇన్నేళ్ల అనుమానం మిగిలేది కాదు. పెద్దల మౌనం ఎంత ఆలస్యానికి దారితీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన నేల మీద దొరకదు.

చట్టం భయం

2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారంతా పిల్లలే. వాళ్ల సమ్మతికి చట్టంలో విలువ లేదు. ఇద్దరూ పదిహేడేళ్లవాళ్లయినా సరే వాళ్ల మధ్య లైంగిక సంబంధం నేరం కిందికే వస్తుంది. ఇలాంటి సంగతి తెలిసినవాళ్లు, డాక్టర్లయినా టీచర్లయినా, పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ చెబుతోంది. పిల్లల్ని కాపాడటానికి వచ్చిన ఈ నిబంధనే, జబ్బుతో ఉన్న పిల్లలు ఆస్పత్రికి దూరం కావడానికీ ఒక కారణమవుతోంది. ఈ చిక్కును సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో గర్భస్రావం కేసులో కొంత సడలించింది. పరస్పర ఇష్టంతో ఏర్పడిన సంబంధంలో గర్భం దాల్చిన మైనర్ కోరితే, డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదంది. లైంగిక వ్యాధుల చికిత్సకూ ఇలాంటి స్పష్టత అవసరం.

బలవంతం జరిగితే మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పీఈపీ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. తర్వాత 28 రోజులు వాడాలి. అలా వచ్చిన పిల్లలకు ఏ ఆస్పత్రి అయినా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. ముందు పోలీసు కాగితం తెమ్మని అడగకూడదని 2020 నాటి పోక్సో నియమాలు చెబుతున్నాయి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మహిళా సహాయవాణి 181, జిల్లాల్లో సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు అందుకే ఉన్నాయి. తప్పు జరిగింది పిల్ల వల్ల కాదు. ఇంట్లో మొదటి మాట అదే కావాలి.

అమ్మానాన్నలు ఎలా మొదలుపెట్టాలి?

ఒక రోజు కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసమిస్తే ఇద్దరికీ ఇబ్బందే. వయసును బట్టి ముక్కలు ముక్కలుగా చెప్పండి. ఐదారేళ్లకే అవయవాలకు పేర్లు, ఎవరూ ముట్టుకోకూడని చోట్లు. తొమ్మిది పదేళ్లకు నెలసరి, గొంతు మారడం, ఇంకా అవి మొదలవకముందే. పన్నెండు పదమూడేళ్లకు బిడ్డ ఎలా పుడుతుంది, క్రిములు ఎలా సోకుతాయి. పదిహేనేళ్లకు కండోమ్, టీకా, పరీక్ష, సమ్మతి. స్నానం చేయించేటప్పుడు, బైక్ మీద వెళ్లేటప్పుడు, వార్తల్లో ఏదో చూసినప్పుడు రెండు మాటలు చాలు. ముఖంలో ముఖం పెట్టి మాట్లాడనక్కర్లేని చోట్ల పిల్లలు తేలిగ్గా నోరు విప్పుతారు.

పిల్ల అడిగిన దానికి జవాబు తెలియకపోతే ‘కనుక్కుని చెప్తాను’ అనండి, చెప్పండి. ‘నీకెందుకు ఇవన్నీ, ఎవరు నేర్పారు?’ అన్న ఒక్క మాటతో ఆ తలుపు మూసుకుపోతుంది. తర్వాత జబ్బొచ్చినా తెరుచుకోదు. అమ్మానాన్నలకు నోరు రాకపోతే పిన్నికో, బాబాయికో, మేనత్తకో ఆ పని అప్పగించండి. ఇంట్లో ఎవరో ఒకరు మాత్రం ఉండాలి.

నిజమా, కాదా?

• పబ్లిక్ టాయిలెట్ వాడితే సుఖవ్యాధులు వస్తాయా?
గనేరియా, సిఫిలిస్, హెచ్‌ఐవీలు మరుగుదొడ్డి ద్వారా రావు. ఒకే కంచంలో తిన్నా, కరచాలనం చేసినా, దోమ కుట్టినా హెచ్‌ఐవీ సోకదు.

• చూడటానికి శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గర జబ్బుండదు కదా?
చూపుతో చెప్పలేం. సోకినవాళ్లలో చాలామందికే ఆ సంగతి తెలియదు.

• తర్వాత సబ్బుతో కడుక్కుంటే సరిపోతుందా?
సరిపోదు. అమ్మాయిలు లోపలి భాగాన్ని సబ్బుతో, డెటాల్‌తో కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా పోయి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి.

• ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదా?
గనేరియా, క్లమీడియా, సిఫిలిస్ ఎన్నిసార్లయినా రావచ్చు.

• లక్షణాలు పోయాయి, మిగతా మందు ఆపేయొచ్చా?
ఆపకూడదు. డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడాలి, రమ్మన్న రోజున మళ్లీ వెళ్లాలి.

• ఈ విషయాలు చెబితే పిల్లలు చెడిపోతారా?
పక్కాగా నడిచిన లైంగిక విద్యా కార్యక్రమాల వల్ల పిల్లలు తొందరపడటం పెరగలేదని వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. జాగ్రత్త మాత్రం పెరిగింది.

బడి చేయగలిగిన పని ఒకటుంది, దానికి నిధులూ జీవోలూ అక్కర్లేదు. దగ్గర్లోని సురక్ష క్లినిక్ ఎక్కడుంది, కౌమార క్లినిక్ ఏ రోజుల్లో ఉంటుంది, 1097, 1098 నంబర్లు ఎందుకు అన్న నాలుగు వాక్యాలు నోటీసు బోర్డు మీద రాసి, అసెంబ్లీలో ఒకసారి గట్టిగా చదవాలి. కాలేజీల్లో హెచ్‌ఐవీ అవగాహన కోసం పెట్టిన రెడ్ రిబ్బన్ క్లబ్బులున్నచోట ఆ పని వాళ్లు చేయొచ్చు. బైపీసీ అయినా ఎంపీసీ అయినా, ఐటీఐ అయినా, అడిగే ధైర్యం లేని పిల్లకు అడగకుండానే జవాబు కనిపించాలి.